నన్నడగకుండా ఎక్కడికీ పంపొద్దు

ఆమెను అందరూ చెవులమ్మ అనేవారు. ఒక చిన్నపిల్ల పెట్టిన పేరు అది. వినికిడి మిషను పెట్టించుకుని వెళ్లిన ఆ పిల్ల, ఇంటిదగ్గర అందరికీ "చెవులమ్మ నాకు కొత్త చెవులు పెట్టింది" అని చెప్పిందట. ఆ మాట తిరిగి తిరిగి ఆమె పనిచేసే వినికిడి సెంటరుకే చేరింది. కౌంటరులో కూర్చునే ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకుంది. డాక్టరు గారు కూడా ఒకరోజు నోరు జారి అలాగే పిలిచి, తర్వాత నవ్వేశారు. అంతటితో అసలు పేరు జీతం కాగితాలకే పరిమితమైపోయింది.

ఆమె పని చెవులు పరీక్షించడం. సెంటరు వెనకవైపు ఒక చిన్న గది ఉంది. దాని గోడలకు లోపల మందపాటి స్పాంజి, తలుపుకు రబ్బరు అంచు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ గదికి మాత్రం లేవు. వచ్చినవాళ్లను అందులో కూర్చోబెట్టి, హెడ్‌ఫోను తగిలించి, చేతిలో ఒక బటను పెట్టి, తాను అద్దానికి ఇవతల కూర్చుని సన్నని శబ్దాలు పంపేది. వినబడితే నొక్కాలి. వినబడకపోయినా పరువు కోసం నొక్కేవాళ్లుంటారు. వాళ్లను ముఖం చూసి కనిపెట్టేది. తర్వాత మిషను సరిగ్గా కుదిరేందుకు చెవిలోకి గులాబీరంగు ముద్ద నింపి అచ్చు తీసేది. మనిషికి ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా, నిదానంగా మాట్లాడటం ఆమెకు ఎంత అలవాటంటే, కూరగాయల కొట్టు దగ్గర కూడా అలాగే మాట్లాడేది. కొట్టువాడు మొదట్లో తనను చెవిటివాడనుకుంటోందని నొచ్చుకున్నాడు.

పెళ్లి కాలేదు. కాలేదంటే పెద్ద కథేమీ లేదు, రెండు సంబంధాలు తప్పిపోయాయి, మూడోది వెతికే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది. తండ్రి ముందే పోయాడు. అన్నయ్య వేరే ఊళ్లో ఉంటాడు. ఆయన ఫోను మూడు మాటల్లో ముగిసేది: బాగున్నావా, బాగున్నాం, ఉంటాను. మిగిలింది అమ్మ. ఇంట్లో ఒక్కతీ ఉండలేనని అమ్మ రోజూ కూతురి వెంట సెంటరుకు వచ్చేది. ముందు హాల్లో, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరితో మాట్లాడేది. చెవిటివాళ్లతో మాట్లాడటానికే పుట్టినట్టుండేది ఆ గొంతు. వీధి చివర ఉన్నవాళ్లకు కూడా వినబడేది. ఎవరి కోడలు ఎలాంటిదో, ఎవరి మోకాలు ఏ కాలంలో నొప్పి పెడుతుందో ఆవిడకు తెలియనిది లేదు.

ఆ అమ్మ ఒక ఉదయం నిద్ర లేవలేదు.

దుఃఖం ఎలాగూ తప్పదు. చెవులమ్మ ఊహించనిది మాత్రం ఇంకొకటి జరిగింది. సెంటరుకు వచ్చేవాళ్లు ఆర్నెల్లకో ఏడాదికో ఒకసారి వస్తారు, మిషను శుభ్రం చేయించుకోవడానికో, బ్యాటరీలకో. వాళ్లకు ఈ సంగతి తెలియదు. వస్తూనే ఫ్యాను కింద కుర్చీ చూసి అడిగేవారు.

"అమ్మ ఏదమ్మా?"

"పోయిందండీ."

"ఎక్కడికీ?"

"పోయిందండీ. ఇక లేదు."

"ఎప్పుడొస్తుందీ?"

అప్పుడిక అరవాల్సి వచ్చేది. "చనిపోయిందండీ" అని హాలంతా ప్రతిధ్వనించేలా అరిచేది. హాల్లో ఉన్నవాళ్లు అటు తిరిగేవారు. అడిగిన పెద్దాయన చేతికర్ర ఆసరాగా కూలబడేవాడు. ఆమె ఆయన్ను ఓదార్చేది. మర్నాడు మళ్లీ ఇంకొకరు. తల్లి చావును పదిమందిలో అరిచి చెప్పాల్సిన గతి, అదీ మళ్లీ మళ్లీ, ఏ కూతురికీ రాకూడదు. అమ్మను ఎరగనివాళ్లున్న చోటికి పోవాలని ఆమెకు అనిపించింది. ఉద్యోగం మారాలన్న ఆలోచన అలా పుట్టింది. జీతం గురించి కాదు, డాక్టరు గారి మీద కోపమూ లేదు.

ఒక ఆదివారం ఫోనులోనే తన వివరాలన్నీ నింపి, ఉద్యోగాల వెబ్‌సైటులో పెట్టింది. మర్నాడు సాయంత్రమే ఫోను మోగింది.

"నమస్తే అండీ, కన్సల్టెన్సీ నుంచి మాట్లాడుతున్నాను. మీ ప్రొఫైలు చూశాను. మీలాంటి అనుభవం ఉన్నవాళ్ల కోసం చాలా ఆసుపత్రులు చూస్తున్నాయి. ఇప్పుడు మాట్లాడొచ్చా, భోజనం వేళా?"

"లేదు లేదు, చెప్పండి."

"ముందు భోంచేయండి. నేను మళ్లీ చేస్తాను."

ఆ ఇంట్లో ఆ వేళ భోంచేయమని చెప్పే మనిషి లేక చాలా రోజులైంది. ఆమె అన్నం వడ్డించుకుని, గబగబా తినేసి, ఫోను దగ్గర పెట్టుకుని కూర్చుంది. నిజంగానే ఆ అమ్మాయి మళ్లీ చేసింది. రెండో రోజు "అక్కా అని పిలవొచ్చా?" అని అడిగింది. అప్పట్నుంచి సాయంత్రం అయితే చాలు ఫోను వచ్చేది. ఒకరోజు చదువు సర్టిఫికెట్ల ఫొటోలు పంపమంది, పంపింది. ఒకరోజు గుర్తింపు కార్డు రెండువైపులా పంపమంది, అదీ పంపింది. ఇప్పుడెంత వస్తోంది, ఎంత కావాలి, ఎందుకు మారుతున్నారు అని అడిగింది. ఆ చివరి ప్రశ్నకు జవాబు చాలాసేపు పట్టింది. అమ్మ సంగతి, ఫ్యాను కింద కుర్చీ సంగతి, ఇంటికి రాగానే తాళం తీసే చప్పుడు తప్ప ఇంకేదీ వినబడని సంగతి, ఒకటొకటిగా అన్నీ చెప్పేసింది. అవతల "ఊఁ" కొడుతుంటే మాటలు వాటంతట అవే వచ్చాయి.

"మా సెంటరులో ఎవరికీ తెలీదమ్మా. తెలిస్తే బాగుండదు" అంది చివర్న.

"అయ్యో, మీ మాట నా దగ్గర భద్రం అక్కా."

గొంతును బట్టి మనిషిని చెప్పేయగలనని చెవులమ్మకు ఒక నమ్మకం. ఇన్నేళ్లు చెవుల పనిలో ఉన్నది మరి. ఆ గొంతులో ఆమెకు కల్మషం కనబడలేదు. ఏ ఆసుపత్రికి పంపుతున్నావు, ఎవరికి చూపిస్తున్నావు అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆ పిల్ల నొచ్చుకుంటుందేమో, రేపు ఫోను చేయదేమో అని లోపల ఎక్కడో ఉండి ఉంటుంది.

కొన్ని వారాలకు డాక్టరు గారు ఆమెను తన గదిలోకి పిలిచారు.

"కూర్చోమ్మా" అని, కంప్యూటరు తెర ఆమెవైపు తిప్పారు. తెర మీద ఆమె ఫొటో.

"రెండో సెంటరు తెరుద్దామనుకుంటున్నాను. అనుభవం ఉన్న మనిషి కావాలని ఒక కన్సల్టెన్సీకి చెప్పాను. వాళ్లు పంపిన మొదటి పేరు నీదే."

ఇంకొకళ్లకు జరిగి ఉంటే ఆమె కూడా నవ్వేదేమో. తెర మీద తన పేరు కింద ఇలా రాసి ఉంది: తల్లి ఇటీవల మరణించారు, అవివాహిత, కుటుంబ బాధ్యతలు ఏమీ లేవు, ఎక్కడికి పంపినా వెళ్తారు, సమయంతో పని లేకుండా పనిచేయగలరు.

సాయంత్రాలన్నీ కలిపి తాను చెప్పుకున్నదంతా రెండు వరుసల్లోకి వచ్చింది. సరుకు బాగుందని చెప్పే చీటీలా ఉంది అది. డాక్టరు గారు ఏదో అంటున్నారు గానీ ఆమెకు ఆ రెండు వరుసలే కనబడుతున్నాయి.

"తప్పేం లేదమ్మా. ఉద్యోగం మారడం నేరం కాదు. నువ్వే చెప్పి ఉంటే బాగుండేది. ఎవరో చెబితే తెలుసుకోవాల్సి వచ్చింది నాకు."

"చెబుదామనే అనుకున్నానండీ."

"సరేలే" అన్నారాయన. ఆ "సరేలే" తర్వాత ఆయన ఆమెతో పనికి మించి మాట్లాడలేదు. నెల తిరక్కుండా ఒక కుర్రాణ్ణి పనిలో పెట్టుకున్నారు. అతను రోజంతా ఆమె పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకునేవాడు. ఎందుకు నేర్పుతోందో ఇద్దరికీ తెలుసు.

అంతకన్నా కష్టంగా తోచింది కౌంటరు ఆవిడ సంగతి. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుని తిన్నారు. వదినా అంటే వదినా అనుకునేవారు. డాక్టరు గారి గదిలో మాట్లాడింది ఆవిడ చెవిన పడిన రోజు, మధ్యాహ్నం డబ్బా తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయింది. చెవులమ్మ వెనకే వెళ్లింది.

"వదినా, నీకు చెప్పకూడదని కాదు."

"నీ ఇంట్లో కూర వేగుతుంటే నా ఇంట్లో దగ్గు వచ్చేంత దగ్గరగా బతికాం మనం" అంది కౌంటరు ఆవిడ, డబ్బా మూత తీయకుండానే. "ఎవరో ముక్కూముఖం తెలియని పిల్లకి అన్నీ చెప్పుకున్నావు. నాకు చెప్పాలనిపించలేదా నీకు?"

కౌంటరు ఆవిడకు అమ్మ తెలుసు. తెలిసినవాళ్ల దగ్గర ఏడవడం మొదలుపెడితే ఆపడం కష్టమని చెవులమ్మ భయం. మెట్లు దిగి వచ్చి, ఆ చెవులు లేని గదిలో కూర్చుని తిన్నది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు అక్కడే.

కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్లు కూడా ఆగిపోయాయి. తాను చేస్తే మోగి మోగి ఆగేది. కోపంతో చేస్తున్నానని తనకు తాను చెప్పుకునేది గానీ, సాయంత్రం ఆ వేళకు ఫోనుకు చార్జింగు ఉందో లేదో చూసుకోవడం మానలేదు.

అలా ఉండగా ఒక మగగొంతు ఫోను చేసింది. దూరపు ఊళ్లోని ఒక పెద్ద ఆసుపత్రి పేరు చెప్పి, మీరు ఎంపికయ్యారు అన్నాడు. ఇంటర్వ్యూ అక్కర్లేదట, ఆమె అనుభవమే చాలట. పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు నంబరు అతనే చదివి వినిపించి, "సరిచూసుకోండి మేడమ్" అన్నాడు. ఆసుపత్రి గుర్తుతో ఉన్న ఉత్తరం కూడా వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కొరియరులో పంపాలి, అదీ రేపు సాయంత్రంలోగా, లేకపోతే తర్వాతి మనిషికి ఇచ్చేస్తాం అన్నాడు.

స్టూలు మీద కుర్రాడు కూర్చున్న రోజులు అవి. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. బీరువా తెరిచి, అమ్మ ఎప్పుడో పాత చీరముక్కలో చుట్టి పెట్టిన సర్టిఫికెట్లు తీసి, కవరులో పెట్టుకుని కొరియరు ఆఫీసుకు వెళ్లింది.

ఆసుపత్రికి పంపాలని చెప్పి ఇస్తే, కవరు తీసుకున్నవాడు అడ్రసు చూసి, "ఇది ఇల్లు కదండీ. ఆసుపత్రి అన్నారు?" అన్నాడు.

ఆమె మళ్లీ చదివింది. ఎవరిదో పేరు, ఒక ఇంటి నంబరు, రెండో అంతస్తు. ఆసుపత్రి పేరు ఎక్కడా లేదు. తాను చేత్తో రాసుకున్న అడ్రసే, రాసేటప్పుడు కనబడలేదు.

"ఒక్క నిమిషం ఉండండి" అని కవరు వెనక్కి తీసుకుంది. బయట అరుగు మీద కూర్చుని, ఉత్తరంలో ఉన్న నంబరుకు కాకుండా, ఆ ఆసుపత్రి అసలు నంబరు విడిగా వెతికి, దానికి చేసింది. అటువైపు ఆపరేటరు మొత్తం వినకుండానే, "సర్టిఫికెట్లు పంపేశారామ్మా?" అని అడిగింది.

"ఇంకా లేదు."

"పంపకండి. మా పేరు చెప్పి ఎవరో చేస్తున్నారు. మీలాగే రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. పోలీసులకు కూడా చెప్పాం. మీరు కూడా ఒక మాట చెప్పండి."

చెప్పింది. పోలీసు స్టేషనులో రాసుకున్నాయన, "కార్డు నంబరు వాళ్లకెలా తెలిసిందమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకునే ఆమె సెలవు పెట్టి కన్సల్టెన్సీ ఆఫీసుకు వెళ్లింది.

అది ఒక ఇరుకు మేడలో మూడో అంతస్తు. పొడవాటి హాల్లో వరుసలుగా అమ్మాయిలు, అబ్బాయిలు, అందరి చెవులకూ హెడ్‌ఫోన్లు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవర్ని అడగాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడింది. అంతలో కిటికీ పక్క నుంచి వినబడింది.

"ముందు భోంచేయండి అక్కా. నేను మళ్లీ చేస్తాను."

అదే గొంతు. సన్నటి పిల్ల, జలుబు చేసి ముక్కు ఎర్రగా ఉంది, బల్ల మీద దగ్గుబిళ్లల కాగితాలు. చెవులమ్మ వెళ్లి పక్కన నిలబడి, తానెవరో చెప్పింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించింది.

"ఆఁ, గుర్తొచ్చింది. మీ నాన్నగారు పోయారని చెప్పింది మీరే కదక్కా?"

"అమ్మ."

"అమ్మ. సారీ అక్కా. నాన్నగారు పోయింది వేరే ఆవిడకి."

తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకునే వచ్చింది. కానీ తిట్టడానికి ఏముంది? ఆ గొంతు అబద్ధమాడలేదు. భోంచేశారా అని నిజంగానే అడిగింది, అందర్నీ అడిగింది. తాను తలుపులన్నీ తెరిచి పెట్టిన సాయంత్రాలు ఆ పిల్లకు పనివేళలు.

కుర్చీ ఉంటే లాక్కుని కూర్చుని, ఎప్పట్లాగే నిదానంగా, పెదవులు కనబడేలా అడిగింది.

"నా వివరాలు ఎక్కడెక్కడికి వెళ్లాయమ్మా?"

"మేం పంపినవి చెప్పగలను. మా దగ్గర్నుంచి ఇంకో ఏజెన్సీ వాళ్లు కూడా తీసుకుంటారు. వాళ్లు ఎవరికిచ్చారో మాకు తెలీదు."

"నా కార్డు కూడానా?"

ఆ పిల్ల తల వంచుకుంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేనడిగినవన్నీ ఇచ్చేశారక్కా మీరు. కొంతమంది ఇవ్వరు. ముందు కంపెనీ పేరు చెప్పు, సరేనన్నాకే పంపు అంటారు. ఉద్యోగం ఖాయమయ్యేదాకా కార్డు ఇవ్వరు. వాళ్లంటే మాకు చిరాకు. కానీ వాళ్ల విషయాలు బయటికి పొక్కవు."

"ఇప్పుడేం చేయగలవు?"

"మా దగ్గరున్నది తీసేస్తాను. బయటికి పోయింది నా చేతుల్లో లేదు."

ఆమె ఎదురుగానే తీసేసింది. మళ్లీ ఫోను మోగితే హెడ్‌ఫోను సర్దుకుని "నమస్తే అండీ" అంది. ఆ గొంతులో అదే తీపి. చెవులమ్మ లేచి, మెట్లు దిగి వచ్చేసింది. వీధి మలుపు దాకా వచ్చాక ఏడుపొచ్చింది. అది అమ్మ కోసమా, ఆ సాయంత్రపు ఫోను కోసమా అన్నది ఆమెకే తెలియలేదు.

ఆ తర్వాత ఆమె వెళ్లింది ఒక పెద్దాయన దగ్గరికి. ఆసుపత్రులకు మనుషుల్ని కుదిర్చే పని ఆయనది. జిరాక్సు కొట్టు వెనక ఒక్క గది, ఒక బల్ల, గోడకు ఆగిపోయిన గడియారం. ఈసారి ఫోనులో కాకుండా మనిషిగా వెళ్లింది. అంతకుముందే ఆయన కుదిర్చిన నర్సు ఒకామెను అడిగి తెలుసుకుంది.

"ఏం కావాలమ్మా?"

"ఉద్యోగం కావాలండీ. ముందు నా మాట ఒకటి వినాలి. నన్నడగకుండా నా కాగితాలు ఎక్కడికీ పంపొద్దు. పంపేముందు ఊరూ పేరూ చెప్పాలి. కార్డు ఇప్పుడివ్వను. నా ఇంటి సంగతులు ఎక్కడా రాయొద్దు."

ఇంత కరుకుగా తాను ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చేతులు కాలాయా?"

"కాలాయి."

"ఇదే నా ఫోనుకి రాసి పంపండి. మాటంటే గాలి, రేపు నేనే మరిచిపోతాను. ఇక మీ కార్డు నాకెందుకు? చేరిన రోజు వాళ్లకే ఇచ్చుకోండి."

అంతే మాట్లాడాడు. భోంచేశారా అని అడగలేదు, పెళ్లయిందా అని అడగలేదు. తిరిగి వస్తూ, అడిగి ఉంటే బాగుండునని అనుకున్నట్టు గమనించి, ఆమెకే తన మీద విసుగేసింది.

ఆయన ఫోన్లు కూడా అలాగే ఉండేవి. "ఫలానా ఆసుపత్రి, ఫలానా ఊరు. పంపమంటారా?"

"వద్దండీ. అక్కడివాళ్లు మా డాక్టరు గారికి దగ్గర."

"సరే." టక్కున పెట్టేసేవాడు.

ఆయన మూడోసారి చెప్పినదానికి ఆమె పంపమంది. అది వేరే ఊళ్లో పిల్లల ఆసుపత్రి. ఆ ఊళ్లో ఆమెకు చుట్టం లేడు, పక్కం లేడు. ఇంటర్వ్యూకు పిలుపు రాగానే, ఎవరి నోటా పడకముందే, డాక్టరు గారి దగ్గరికి వెళ్లి తానే చెప్పింది. ఆయన పెన్ను పక్కన పెట్టి, "వాళ్లు నన్నడిగితే మంచిమాటే చెబుతాను. అబద్ధం చెప్పాల్సిన పని నువ్వెప్పుడూ పెట్టలేదు" అన్నారు. తర్వాత కౌంటరు దగ్గరికి వెళ్లింది.

"వదినా, ఊరు కూడా మారుతున్నాను."

కౌంటరు ఆవిడ చీటీలు రాస్తూనే ఉంది. "ఇల్లు దొరికిందా?"

"ఒక గది చూశాను."

"ఒక్కదానివేగా. గది చాల్లే" అంది. అని, అన్న మాట తనకే గుచ్చుకున్నట్టు తలెత్తింది. ఆఖరి రోజు డబ్బా తెచ్చుకుని బల్ల దగ్గరే కూర్చుంది, మేడ మీదికి పోలేదు. విరిగింది మళ్లీ అతుక్కుందని చెప్పలేం. తినడం అయ్యాక కౌంటరు ఆవిడ రెండు డబ్బాలూ తానే కడిగి తెచ్చింది.

కొత్త ఆసుపత్రిలో పని బాగుంది. పిల్లలు శబ్దం వినగానే కళ్లు పెద్దవి చేస్తారు, బటను అక్కర్లేదు. ఆమెను అక్కడ అసలు పేరుతోనే, వెనక మేడమ్ చేర్చి పిలుస్తారు. తాను కోరుకున్నట్టే, ఎవరూ ఏమీ అడగరు. మొదటి కొన్నాళ్లు అది హాయిగా ఉంది. తర్వాత అడగకపోవడం కూడా ఒక చప్పుడులా వినబడటం మొదలైంది. సాయంత్రం గదికి వచ్చి, నేల మీద చాప వేసుకుని తినేది. నడుం పట్టేస్తుంటే, ఒక కుర్చీ కొందామని కొట్టుకు వెళ్లింది.

"ఒక్కటి రాదమ్మా. ఇది జతగా వస్తుంది" అన్నాడు కొట్టతను.

"నాకు ఒకటి చాలండీ."

"చుట్టాలొస్తే?"

ఆమె నిదానంగా, అతని ముఖంలోకి చూస్తూ, "చుట్టాలు రారండీ" అంది. అతను రెండు కుర్చీలూ రిక్షా బండికి ఎక్కించేశాడు. ధర కూడా తగ్గించాడు.

రెండింటినీ కిటికీ దగ్గర ఎదురెదురుగా వేసింది. వారం తిరిగేసరికి, ఒకదాని మీద తాను కూర్చుంటోంది, రెండోదాని మీద ఉతికిన బట్టలు ఆరేస్తోంది. నిన్ననో మొన్ననో పక్కగదిలోకి కొత్తగా ఒక కుట్టుపనావిడ దిగింది, గోడకవతల మిషను కొట్టుకుంటోంది. పలకరించాలా వద్దా అని చెవులమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.